హంగరీలో ఊరి పాలన ఊళ్ల చేతికి ఎలా వచ్చింది, మళ్లీ ఎలా పోయింది: తరచుగా అడిగే ప్రశ్నలు

కమ్యూనిస్టు పాలన పోయాక తూర్పు ఐరోపాలో ఊళ్లకు బాగా స్వేచ్ఛ ఇచ్చిన దేశాల్లో హంగరీ ఒకటి. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఇచ్చినదాంట్లో చాలా భాగం వెనక్కి లాక్కున్నదీ అదే. రాజనీతి శాస్త్రం చదివేవాళ్లు, పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్లు, ఊరికే ఆసక్తితో చదివేవాళ్లు దీని గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి.

ముందే ఒక మాట. ఇక్కడ ‘కేంద్రం’ అంటే హంగరీ జాతీయ ప్రభుత్వం. అది బుడాపెస్ట్‌లోనే కూర్చుంటుంది గానీ బుడాపెస్ట్ నగరపాలక సంస్థ వేరు. చాలా ఏళ్లు ఈ రెంటికీ అసలు పడలేదు కూడా.

కమ్యూనిస్టుల కాలంలో ఊళ్లలో పాలన ఎలా ఉండేది?

1950లో సోవియట్ నమూనాలో కౌన్సిళ్లు పెట్టారు. హంగరీ భాషలో వాటిని ‘తనాచ్’ అనేవాళ్లు. పేరుకు ఎన్నికలుండేవి, సభ్యులుండేవాళ్లు, సమావేశాలు జరిగేవి. నిర్ణయం మాత్రం పార్టీదీ, పైనున్న జిల్లా కౌన్సిల్‌దీ. ఊరి కౌన్సిల్ పని పైనుంచి వచ్చిన ఆదేశం అమలు చేయడం.

1960ల చివర్లో ఆర్థిక సంస్కరణలు వచ్చాక పట్టు కొంచెం సడలింది గానీ, చిన్న ఊళ్ల గతి ఇంకా దిగజారింది. 1971లో జనావాసాల అభివృద్ధి ప్రణాళిక ఒకటి తెచ్చి, సుమారు 2,000 ఊళ్లను ‘ప్రత్యేక పాత్ర లేనివి’ అని పక్కన పెట్టారు. అంటే ఆ ఊళ్లకు కొత్త బడి రాదు, రోడ్డు రాదు, కొన్నిచోట్ల ఇల్లు కట్టుకోవడానికే ఇబ్బంది. పక్కపక్క ఊళ్లను కలిపి ఒకే కౌన్సిల్ కింద పెట్టారు, బళ్లు మూసి పిల్లల్ని పెద్ద ఊరికి పంపారు. కుర్రాళ్లు పట్నాలకు పోయారు, ముసలివాళ్లు మిగిలారు. 1980ల చివరికి దేశం మొత్తం మీద సుమారు 1,500 కౌన్సిళ్లే ఉండేవి.

ఈ కోపాన్ని గుర్తుపెట్టుకోకపోతే 1990లో వాళ్లు చేసిన పని అతిగా కనిపిస్తుంది.

1990లో ఏం మారింది?

1990 వసంతంలో స్వేచ్ఛగా ఎన్నికలు జరిగాయి. ఆ ఏడాదే కొత్త పార్లమెంటు స్థానిక స్వపరిపాలన చట్టం చేసింది. శరదృతువులో స్థానిక ఎన్నికలు పెట్టేశారు.

ఆ చట్టంలో అసలు మాట ఇది: స్వపరిపాలన హక్కు ప్రతి జనావాసానిది. ఇంత జనాభా ఉంటేనే అన్న షరతు లేదు. వంద మంది ఉన్నా మేయరు, కౌన్సిల్, బడ్జెట్, సొంత ఆస్తి. బలవంతంగా కలిపిన ఊళ్లన్నీ విడిపోయాయి. 1,500 కాస్తా 3,000 దాటాయి. ఇప్పుడు బుడాపెస్ట్‌లోని 23 డిస్ట్రిక్ట్‌లతో కలిపి 3,170 పైచిలుకు ఉన్నాయి. హంగరీ జనాభా కోటికి లోపే. సగానికి పైగా ఊళ్లలో వెయ్యి మంది కూడా ఉండరు.

అధికారాల జాబితా కూడా పెద్దదే. శిశుపాఠశాల, ప్రాథమిక పాఠశాల, చాలాచోట్ల హైస్కూలు, ఆస్పత్రి, వృద్ధాశ్రమం, మంచినీళ్లు, అగ్నిమాపక దళం, ప్రభుత్వ అద్దె ఇళ్లు, బస్సులు అన్నీ స్థానిక సంస్థల చేతికొచ్చాయి. కమ్యూనిస్టు కాలంలో పెత్తనం చేసిన కౌంటీల (దేశాన్ని పంచిన పెద్ద పాలనా విభాగాలు) కోరలు మాత్రం పీకేశారు. ఊరికీ కేంద్రానికీ మధ్య ఎవరూ ఉండకూడదన్నది ఆనాటి పట్టుదల.

ఇంకో తాళం కూడా వేశారు. స్థానిక పాలన చట్టాన్ని మార్చాలంటే పార్లమెంటులో మూడింట రెండొంతుల మద్దతు కావాలి. ఈ తాళం సంగతి కింద మళ్లీ వస్తుంది.

అంత చిన్న ఊళ్లకు సొంత ప్రభుత్వమా? నడిచిందా?

కొన్ని విషయాల్లో బాగానే నడిచింది. ‘ఫలుగొంద్నోక్’ అనే ఏర్పాటు చూడండి. ఊరి బాగోగులు చూసే మనిషి అని అర్థం. 1990 ప్రాంతంలో ఉత్తరాన పేద కౌంటీ అయిన బోర్షోద్‌లో మొదలైంది. కొన్ని వందల మందే ఉన్న ఊళ్లో ఒక ఉద్యోగి, ఆయన చేతిలో ఒక మినీబస్సు. పొద్దున పిల్లల్ని పక్క ఊరి బడికి దింపుతాడు, తరవాత ముసలాయన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాడు, వచ్చేటప్పుడు మందుల చీటీ ప్రకారం మందులు తెస్తాడు, మధ్యాహ్నం ఒంటరివాళ్ల ఇళ్లకు వేడి భోజనం అందిస్తాడు. డాక్టరు లేని, దుకాణం లేని ఊరికి ఇంతకంటే తెలివైన పథకం బుడాపెస్ట్‌లో కూర్చున్నవాళ్లకు తట్టి ఉండేది కాదు.

కానీ వెయ్యి మంది లేని ఊరు హైస్కూలు నడపలేదు, ఇంజనీరును పెట్టుకోలేదు. కొన్ని ఊళ్లు కలిసి సంఘాలు పెట్టుకోవచ్చని చట్టం చెప్పింది. బలవంతపు కలయికల చేదు ఇంకా నోట్లోనే ఉంది కాబట్టి స్వచ్ఛందంగా కలిసినవాళ్లు మొదట్లో తక్కువ. 2004 నుంచి కలిసి పనిచేసే ఊళ్లకు అదనపు డబ్బు ఆశ చూపించాక సంఘాలు పెరిగాయి.

ఈ ఊళ్లకు డబ్బు ఎక్కణ్నుంచి వచ్చేది?

అసలు కథంతా ఇక్కడే ఉంది. అధికారాలు తర్వాతెప్పుడో పోయాయని అందరూ అంటారు గానీ, డబ్బు మొదటి రోజు నుంచే పోతూ వచ్చింది.

1990లో ఊరిలో వసూలైన వ్యక్తిగత ఆదాయపు పన్ను నూటికి నూరు శాతం ఆ ఊరికే అన్నారు. మరుసటి ఏడాదే దాన్ని 50 శాతం చేశారు. 1990లంతా ఆ శాతం దిగుతూనే వచ్చింది. 2000ల్లో, పన్ను వసూలైన ఊళ్లోనే మిగిలే వాటా 8 శాతానికి పడింది. 2013 నుంచి అదీ లేదు. ఈ తగ్గింపులు ఏదో ఒక్క పార్టీ చేసినవి కావు. కుడి, ఎడమ, ఉదారవాదులు అందరూ అధికారంలోకి వచ్చారు, అందరూ తలా ఒక ముక్క కోశారు. పనులు మాత్రం ఊళ్ల నెత్తినే ఉంచారు. చాలాసార్లు కొత్తవి కూడా చేర్చారు.

ఇంకో ఆదాయం కేంద్రం ఇచ్చే గ్రాంటు. ఒక్కో విద్యార్థికి ఇంత, వృద్ధాశ్రమంలో ఒక్కో మంచానికి ఇంత అని లెక్క కట్టి ఇచ్చేవాళ్లు. అది అసలు ఖర్చులో ఒక భాగమే. మిగతాది ఊరు ఎక్కణ్నుంచైనా తెచ్చుకోవాలి.

మూడోది స్థానిక వ్యాపార పన్ను. కంపెనీల అమ్మకాల ఆదాయం మీద, కొన్ని మినహాయింపులు పోను, గరిష్ఠంగా 2 శాతం వేసుకోవచ్చు. దీన్ని వేసేది కౌన్సిలే, ఖర్చుపెట్టుకునేదీ కౌన్సిలే. కానీ ఫ్యాక్టరీ ఉన్న ఊరికే ఈ భాగ్యం. ఆడి కార్ల కర్మాగారం ఉన్న గ్యోర్ నగరానికీ, అణువిద్యుత్ కేంద్రం ఉన్న పక్ష్ పట్టణానికీ ఖజానా నిండుతుంది. స్లొవేకియా సరిహద్దులో బంగాళదుంపలు పండించుకునే పల్లెకు సున్నా. ఒకే చట్టం, ఒకే బాధ్యతలు, జేబులు మాత్రం వేరు.

అప్పుల్లో ఎలా కూరుకుపోయారు?

మొదట ఆస్తులు అమ్ముకున్నారు. 1990ల్లో స్థానిక సంస్థలకు దక్కిన ప్రభుత్వ ఇళ్లు చాలావరకు అద్దెకుంటున్నవాళ్లకే చవగ్గా అమ్మేశారు. గ్యాస్, కరెంటు కంపెనీల ప్రైవేటీకరణలో వచ్చిన వాటాలూ కరిగిపోయాయి. 1996లో మున్సిపాలిటీలు దివాలా తీస్తే ఏం చేయాలో ఒక చట్టం తెచ్చారు. కేంద్రం ఆదుకోదు, అప్పిచ్చినవాడే చూసుకోవాలి అన్నది దాని సారం. నిజానికి అది మంచి చట్టం. ఇష్టం వచ్చినట్టు అప్పులివ్వకుండా బ్యాంకులను కొంతకాలం ఆపింది.

2004లో హంగరీ ఐరోపా సంఘంలో (ఈయూలో) చేరింది. 2007 నుంచి పెద్ద ఎత్తున అభివృద్ధి నిధులు రావడం మొదలైంది. వాటిని అందుకోవాలంటే సొంత వాటా చూపించాలి. డబ్బు లేని ఊళ్లు బాండ్లు జారీ చేశాయి, అందులో చాలా భాగం స్విస్ ఫ్రాంకుల్లో. వడ్డీ తక్కువని బ్యాంకులే వెంటపడి ఇచ్చాయి. 2008లో ఒక ఫ్రాంకు 150 ఫోరింట్ల (హంగరీ కరెన్సీ) చుట్టూ ఉండేది. సంక్షోభం వచ్చాక 2011కల్లా 200 దాటేసింది. ఊళ్లు తీసుకున్నది ఫోరింట్లలో ఖర్చుపెట్టాయి, తీర్చాల్సింది ఫ్రాంకుల్లో. ఫోరింట్ పడిపోయినప్పుడల్లా ఏ కొత్త రోడ్డూ వేయకుండానే అప్పు పెరిగింది.

తప్పు మేయర్లదేనా అంటే పూర్తిగా కాదు. చౌరస్తాలో ఫౌంటెన్లకూ పేవింగ్ రాళ్లకూ తగలేసినవాళ్లు లేకపోలేదు. కానీ పనులు ఇచ్చి డబ్బు ఇవ్వకపోతే పదిహేనేళ్ల తరవాత ఏ దేశంలోనైనా ఇదే జరుగుతుంది.

2010 తరవాత వరసగా ఏం జరిగింది?

2010 ఏప్రిల్ ఎన్నికల్లో విక్టర్ ఓర్బాన్ నాయకత్వంలోని ఫిడెస్ కూటమి 386 సీట్లలో 263 గెలిచింది. మూడింట రెండొంతులు దాటింది. 1990లో వేసిన తాళానికి చెవి దొరికింది. అంతకుముందు సోషలిస్టు ప్రభుత్వం కూడా మార్పులు చేయాలనుకుంది గానీ ఆ బలం లేక ఆగిపోయింది.

తరవాతి మూడేళ్లలో పనులు చకచకా జరిగిపోయాయి. 2011 జనవరిలో ప్రతి కౌంటీలో కేంద్రం తరఫున ఒక ప్రభుత్వ కార్యాలయం తెరిచారు. కొత్త రాజ్యాంగం 2012 జనవరి 1న అమల్లోకి వచ్చింది. 2011 చివర్లో కొత్త స్థానిక పాలన చట్టం చేశారు. 2012లో ఆస్పత్రులు, అగ్నిమాపక దళాలు కేంద్రం చేతికెళ్లాయి. 2013 జనవరి 1న బళ్లు వెళ్లాయి, ‘యారాష్’ అనే జిల్లా కార్యాలయాలు మళ్లీ వచ్చాయి. రెండు వేల మంది లోపున్న ఊళ్లు సొంత ఆఫీసు నడపకూడదు, పక్క ఊళ్లతో కలిసి ఉమ్మడి ఆఫీసు పెట్టుకోవాలన్నారు. ఇకపై అప్పు చేయాలంటే చాలా సందర్భాల్లో కేంద్రం అనుమతి కావాలి.

కొత్త రాజ్యాంగంలో మాట కూడా మారింది. స్వపరిపాలన ఊరి ప్రజల హక్కు అన్నది పోయి, ప్రభుత్వ వ్యవస్థలో స్థానిక సంస్థలు ఒక భాగం అన్న ధోరణి వచ్చింది.

బళ్ల విషయంలో అంత గొడవ ఎందుకైంది?

అందరి ఇంటికీ తగిలింది కాబట్టి. ఆస్పత్రి ఎవరిదైతే నాకేంటి అనుకునేవాళ్లు కూడా పిల్లల బడి దగ్గరికొచ్చేసరికి ఊరుకోరు.

2013లో వేలాది బళ్లనూ లక్షకు పైగా టీచర్లనూ ఒకే సంస్థ కింద పెట్టారు. పేరు క్లెబెల్స్‌బెర్గ్ కేంద్రం, జనం నోట్లో ‘క్లిక్’. 1920ల్లో పల్లెపల్లెకూ బళ్లు కట్టించిన విద్యామంత్రి కూనో క్లెబెల్స్‌బెర్గ్ పేరు అది. శిశుపాఠశాలలు మాత్రం ఊళ్లకే వదిలారు.

మొదటి నాలుగేళ్లూ ఏర్పాటు మరీ విడ్డూరంగా ఉండేది. మూడు వేల జనాభా దాటిన చాలా ఊళ్లలో టీచరు క్లిక్ ఉద్యోగి, బడి భవనం మాత్రం మున్సిపాలిటీ చూసుకోవాలి. అంటే లెక్కల మాస్టారి జీతం బుడాపెస్ట్ నుంచి, ఆయన పాఠం చెప్పే గదిలో హీటరు బిల్లు టౌన్‌హాల్ నుంచి. హెడ్‌మాస్టరు చేతిలో బడ్జెట్ లేదు. సుద్దముక్కలు, ఫోటోకాపీ కాగితం లాంటివి కూడా పైనుంచి అనుమతి వచ్చి సరఫరా అయ్యేదాకా ఆగాలి. టాయిలెట్ పేపర్ తల్లిదండ్రులు ఇంటినుంచి పంపిన బళ్లున్నాయి. క్లిక్‌కు కూడా సరిపడా డబ్బు ఇవ్వలేదు కాబట్టి సరఫరాదారులకు బకాయిలు పేరుకున్నాయి.

2016 మొదట్లో మిష్కోల్త్స్ నగరంలోని హెర్మాన్ ఒట్టో హైస్కూలు టీచర్లు ఒక బహిరంగ లేఖ రాశారు. దానికి వేలమంది గొంతు కలిపారు. ఫిబ్రవరిలో వర్షంలో తడుస్తూ పార్లమెంటు ముందు పెద్ద సభ జరిగింది. టీచర్లు గళ్ల చొక్కాలేసుకుని, మాసిన గడ్డాలతో తిరుగుతున్నారని ఒక మాజీ స్టేట్ సెక్రటరీ (మంత్రి కింద ఉండే పదవి) ఈసడించడంతో, దేశమంతటా గళ్ల చొక్కాలేసుకుని ఫోటోలు దిగడం నిరసనగా మారింది.

ప్రభుత్వం ఒక మెట్టు దిగింది. 2017 జనవరి నుంచి క్లిక్‌ను 58 ప్రాంతీయ కేంద్రాలుగా విడగొట్టింది. అధికారం ఊళ్లకు తిరిగొచ్చిందని చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ కేంద్రాల అధిపతుల్ని నియమించేది ప్రభుత్వమే. పైగా అదే సమయంలో బడి భవనాల నిర్వహణ కూడా మున్సిపాలిటీల నుంచి తీసేసుకున్నారు. ఒకే పెద్ద ఆఫీసును పలుచోట్లకు పంచితే దూరం తగ్గుతుంది. బడి ఎవరి మాట వినాలన్నది మాత్రం మారలేదు.

ఆస్పత్రుల సంగతి?

కౌంటీ, రాజధాని ఆస్పత్రులు 2012 జనవరిలో, పట్టణ ఆస్పత్రులు అదే ఏడాది మేలో కేంద్రానికి వెళ్లాయి. పెద్దగా నిరసన రాలేదు. ఆస్పత్రుల అప్పులు మోయలేక మేయర్లే అలిసిపోయి ఉన్నారు. కేంద్రానికి వెళ్లాక బకాయిల సమస్య పోలేదు. బకాయిదారు మారాడంతే.

యారాష్ అంటే ఏంటి? అదంత ముఖ్యమా?

కౌంటీకీ ఊరికీ మధ్య ఉండే పాత పాలనా విభాగం. మన పాత తాలూకాకు దగ్గరగా ఉంటుంది. 1980ల్లో కమ్యూనిస్టులే దాన్ని రద్దు చేశారు. 2013లో బుడాపెస్ట్ బయట 175 యారాష్‌లతో మళ్లీ తెచ్చారు. అంతకుముందు ఊరి ఆఫీసులో ‘యెగ్జో’ అనే కార్యదర్శి గుర్తింపు కార్డుల నుంచి పిల్లల సంరక్షణ కేసుల దాకా కేంద్రం తరఫున బోలెడు పనులు చూసేవారు. అవి చాలావరకు యారాష్ ఆఫీసుకు వెళ్లాయి. 2020 మార్చి నుంచి ఇంటి నిర్మాణ అనుమతులు కూడా ప్రభుత్వ కార్యాలయాలకే ఇచ్చేశారు.

ఇందులో జనానికి కొంత సుఖం ఉందని ఒప్పుకోవాలి. ‘ప్రభుత్వ కిటికీ’ అనే ఏకగవాక్ష కేంద్రాల్లో పాస్‌పోర్టు, లైసెన్సు, చిరునామా మార్పు అన్నీ ఒకేచోట అవుతాయి, దేశంలో ఎక్కడైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఊరివాళ్లలో ఈ మార్పును మెచ్చుకున్నవాళ్లు తక్కువేం కాదు. కార్యదర్శి మేయరు బంధువైతే ఏం జరిగేదో వాళ్లకు తెలుసు.

పేర్ల విషయంలో మాత్రం కాస్త నవ్వొస్తుంది. కౌంటీలో కేంద్ర ప్రతినిధికి 2022లో ‘ఫోయిష్పాన్’ అని రాజుల కాలం నాటి బిరుదు పెట్టారు. 2023లో కౌంటీలకే ‘కోట కౌంటీలు’ అని పాత పేరు తగిలించారు. అధికారం మాత్రం అంగుళం కూడా కౌంటీ సభ వైపు కదల్లేదు.

కేంద్రం ఊళ్ల అప్పులన్నీ తీర్చేసింది కదా? అది మంచిపనే కదా?

తీర్చిన మాట నిజం. 2011 నుంచి 2014 వరకు విడతలవారీగా సుమారు 1.3 లక్షల కోట్ల ఫోరింట్ల అప్పు కేంద్రం తన మీద వేసుకుంది. ముందు కౌంటీలవి, తర్వాత ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లవి పూర్తిగా, ఆ పైన పెద్ద పట్టణాలవి ఒక వంతు, చివరికి మిగిలినదంతా. ఫ్రాంకు అప్పుల టెన్షన్‌తో నిద్రపట్టని మేయర్లకు ఇది ప్రాణదానమే. జాగ్రత్తగా ఉండి అప్పు చేయని ఊళ్లు మాత్రం, మేమేం పాపం చేశామని అడిగాయి. తరవాత వాళ్లకూ కొంత అభివృద్ధి సాయం ఇచ్చారు.

కానీ అప్పు మాఫీనీ అధికారాల స్వాధీనాన్నీ విడివిడిగా చూస్తే లెక్క తప్పుతుంది. రెండూ ఒకే సమయంలో, ఒకే చేత్తో జరిగాయి. బడి తీసుకున్నప్పుడు దానికిచ్చే గ్రాంటూ, ఆదాయపు పన్ను వాటా ఆఖరి ముక్కా కూడా తీసుకున్నారు. స్థానిక సంస్థల ఖర్చు 2010 ప్రాంతంలో దేశ జీడీపీలో సుమారు 12 శాతం ఉండేది. కొన్నేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. అప్పు ఒక్కసారి తీరింది, ఆదాయం శాశ్వతంగా పోయింది.

మేయర్లు ఎందుకు ఎదురు తిరగలేదు?

చాలామంది మేయర్లు అధికార పార్టీవాళ్లే. 2010 అక్టోబర్ స్థానిక ఎన్నికల్లో కౌంటీ హోదా ఉన్న 23 నగరాల్లో 22 ఫిడెస్‌కు దక్కాయి. మిగిలిన ఒక్కటి సెగెద్. పైగా ఆ రోజుల్లో ఒకే మనిషి ఎంపీగానూ మేయరుగానూ ఉండొచ్చు. తమ టౌన్‌హాల్ అధికారాలు తీసేసే చట్టానికి పార్లమెంటులో చెయ్యెత్తినవాళ్లలో అలాంటి మేయర్లు చాలామంది ఉన్నారు. 2014 నుంచి ఆ రెండు పదవులూ కలిపి ఉంచుకోవడం నిషేధించారు. దాంతో పార్లమెంటులో మేయర్ల గొంతు కూడా పోయింది.

చిన్న ఊళ్లలో మేయర్లు ఎక్కువగా ఏ పార్టీకీ చెందని స్వతంత్రులు. వాళ్లకు రోడ్డు కావాలి, శిశుపాఠశాలకు పైకప్పు కావాలి. 2019లో ఐదు వేల లోపు ఊళ్లకోసం ‘హంగరీ గ్రామ పథకం’ పెట్టారు. దరఖాస్తు పెట్టుకోవాలి, కేంద్రం మంజూరు చేయాలి. హక్కుగా వచ్చే డబ్బు తగ్గి, అడిగితే వచ్చే డబ్బు పెరిగినప్పుడు మేయరు మాట తీరు దానంతటదే మారుతుంది. ఎవరూ బెదిరించక్కర్లేదు.

ప్రతిపక్షం గెలిచిన ఊళ్ల పరిస్థితి ఏమిటి?

2019 అక్టోబర్‌లో బుడాపెస్ట్ మేయరుగా ప్రతిపక్ష అభ్యర్థి గెర్గెయ్ కరాచోన్, తొమ్మిదేళ్లుగా ఆ పదవిలో ఉన్న ఇష్త్వాన్ తర్లోష్‌ను ఓడించారు. 23 పెద్ద నగరాల్లో 10 కూడా ప్రతిపక్షానికొచ్చాయి. కొన్ని నెలలకే కోవిడ్ వచ్చింది.

2020లో మోటారు వాహనాల పన్నులో ఊళ్లకు మిగిలిన వాటాను మహమ్మారి నిధికని తీసుకున్నారు, ఆ తరవాత తిరిగివ్వలేదు. కొంతకాలం దేశమంతా పార్కింగ్ ఉచితం అన్నారు. ఆ రుసుమే ఆధారమైన బుడాపెస్ట్ డిస్ట్రిక్ట్‌లకు ఇది పెద్ద దెబ్బ. 2021కి చిన్న, మధ్యతరహా సంస్థల మీద వ్యాపార పన్నును గరిష్ఠంగా 1 శాతానికి దించారు. చిన్న ఊళ్లకు నష్టపరిహారం ఒక పద్ధతి ప్రకారం ఇచ్చారు, పెద్ద నగరాలకు ఒక్కోదానికీ విడిగా నిర్ణయించారు. ఇవన్నీ మహమ్మారి వల్లేనా, రాజకీయమా అన్న వాదన ఇంకా తెగలేదు. భారం ఎక్కువ పడింది మాత్రం పెద్ద నగరాల మీద, అంటే ఎక్కువగా ప్రతిపక్షం గెలిచినచోట.

గోద్ అనే పట్టణం ఉదంతంలో అంత సందేహం లేదు. బుడాపెస్ట్‌కు ఉత్తరాన దన్యూబ్ ఒడ్డున ఉంటుంది. అక్కడ సామ్‌సంగ్ బ్యాటరీల కర్మాగారం ఉంది. 2019లో పట్టణం ప్రతిపక్షం చేతికొచ్చింది. 2020 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కర్మాగారం ఉన్న నేలను ‘ప్రత్యేక ఆర్థిక మండలం’గా ప్రకటించి, దాని వ్యాపార పన్నును పెష్త్ కౌంటీ సభకు మళ్లించింది. అప్పుడు ఆ సభలో ఫిడెస్‌కు మెజారిటీ. కర్మాగారం లారీలు, చప్పుడు, నీటి వాడకం గోద్‌వి. పన్ను కౌంటీది.

బుడాపెస్ట్‌కూ కేంద్రానికీ గొడవ దేని గురించి?

‘సంఘీభావ చందా’ గురించి. ధనిక ఊళ్ల నుంచి కొంత తీసి పేద ఊళ్లకు పంచాలని 2017లో ఈ రూపంలో పెట్టారు. ఆలోచనగా చూస్తే తప్పేమీ లేదు. గ్యోర్‌కూ సరిహద్దు పల్లెకూ ఉన్న తేడా పైన చూశాం, దాన్ని ఎవరో ఒకరు పూడ్చాలి. పేచీ అంతా ఆ మొత్తం పెరిగిన తీరు మీద. 2025లో బుడాపెస్ట్ కట్టాల్సింది 8,900 కోట్ల ఫోరింట్లని లెక్క. కేంద్రం తమకిచ్చే గ్రాంట్లకంటే తాము కట్టేదే ఎక్కువైందని, అది రాజ్యాంగ విరుద్ధమని నగరం కోర్టుకెక్కింది. దేశంలోకెల్లా సంపన్న నగరం తన లెక్కలు తాను చూసుకోలేక అందరి మీదా పడుతోందని అప్పటి కేంద్రం అంది. 2024 జూన్‌లో కరాచోన్ మళ్లీ గెలిచారు గానీ తేడా కొన్ని వందల ఓట్లే, అదీ ఓట్లు మళ్లీ లెక్కపెట్టాక.

ఐరోపా సంస్థలు అడ్డుకోలేదా?

ఐరోపా మండలికి (కౌన్సిల్ ఆఫ్ యూరప్, ఇది ఐరోపా సంఘం కాదు) 1985 నాటి స్థానిక స్వపరిపాలన ఒడంబడిక ఒకటుంది. హంగరీ 1994లో దాన్ని ఆమోదించింది. ఆ మండలి స్థానిక సంస్థల కాంగ్రెస్ 2013లోనూ 2021లోనూ హంగరీని పరిశీలించి, అధికారాలూ డబ్బూ తగ్గించడాన్ని తప్పుపట్టింది. అవి సిఫార్సులు మాత్రమే. ఐరోపా సంఘం సంగతికొస్తే, సభ్యదేశం తన ఊళ్లను ఎలా పాలించుకోవాలో చెప్పే అధికారం దానికి లేదు.

మిగతా మాజీ కమ్యూనిస్టు దేశాల్లో కూడా ఇలాగే జరిగిందా?

లేదు. పోలెండ్ 1990లో స్వపరిపాలన తెచ్చినా ఊళ్లను ముక్కలు చేయలేదు. అక్కడి ‘గ్మినా’లు రెండు వేల నాలుగొందల పైచిలుకే ఉన్నాయి, జనాభా మాత్రం హంగరీకి దాదాపు నాలుగింతలు. 1999లో జిల్లాలకు, ప్రాంతాలకు కూడా ఎన్నికైన సభలు పెట్టారు. ఆ మధ్య అంతస్తు బలంగా ఉండటం వల్ల తర్వాత కేంద్రీకరణ ప్రయత్నాలు జరిగినా హంగరీ అంత దూరం పోలేదు. హంగరీలో కౌంటీల కోరలు 1990లోనే పీకేశారు కాబట్టి, 2011లో మూడు వేల చిన్న ఊళ్ల తరఫున నిలబడే పెద్ద దిక్కు లేదు.

ఎస్టోనియా 2017లో 213 స్థానిక సంస్థలను 79కి కుదించింది. లాత్వియా 2021లో 43కి తెచ్చింది. ఊళ్లను కలిపి పెద్దవి చేసి అధికారాలు వాటి దగ్గరే ఉంచడం వాళ్ల దారి. హంగరీ ఊళ్లను కలపలేదు. మేయర్లనూ కౌన్సిళ్లనూ అలాగే ఉంచి, కింద పనులు లాగేసింది. ఉక్రెయిన్ 2014 తర్వాత పూర్తిగా ఎదురు దిశలో నడిచి, పదివేలకు పైగా ఉన్న కౌన్సిళ్లను 1,469 సంఘాలుగా చేసి వాటికి పన్నుల వాటా పెంచింది.

మన పంచాయతీలతో పోల్చి చూడొచ్చా?

కొంతవరకే. మన దగ్గర 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. పదకొండో షెడ్యూల్‌లో 29 అంశాలున్నాయి గానీ వాటిలో ఎన్ని నిజంగా ఇవ్వాలన్నది రాష్ట్రం ఇష్టం. అంటే 1990ల హంగరీ ఊళ్లకు ఉన్నంత అధికారం మన సర్పంచుకు ఎప్పుడూ లేదు. నిధులు ఎప్పుడొస్తాయో తెలియక ఎదురుచూడటం మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఒక్క తేడా గమనించాలి. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో పంచాయతీల గడువు ముగిశాక సకాలంలో ఎన్నికలు జరగక ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. హంగరీలో అలాంటిది జరగలేదు. 2014, 2019, 2024 అంటూ ఎన్నికలు టంచనుగా జరిగాయి. అక్కడ తీసుకున్నది పెట్టె కాదు, పెట్టెలో ఉన్నది.

ఈ మధ్య ఊళ్లకు కొత్త అధికారం ఏదైనా ఇచ్చారా?

ఇచ్చారు. 2025 జులైలో అమల్లోకి వచ్చిన ‘స్థానిక అస్తిత్వ పరిరక్షణ’ చట్టం ప్రకారం, బయటివాళ్లు ఊళ్లోకొచ్చి స్థిరపడటానికి స్థానిక సంస్థ షరతులు పెట్టొచ్చు. రాకపన్ను వేయొచ్చు, ఇల్లు కొనేటప్పుడు స్థానికులకు తొలిహక్కు ఇవ్వొచ్చు. బుడాపెస్ట్ చుట్టుపక్కల జనం కిక్కిరిసిన ఊళ్లకు ఇది ఊరట అని కొందరన్నారు. రోమా ప్రజలనూ (వివక్ష ఎదుర్కొనే ఒక మైనారిటీ) పేదలనూ ఊళ్లోకి రానీయకుండా వాడతారని మానవ హక్కుల సంఘాలు హెచ్చరించాయి. బడి, ఆస్పత్రి, ఇంటి నిర్మాణ అనుమతి మాత్రం ఈ చట్టంతో ఊరి చేతికి తిరిగి రాలేదు.